దానిమ్మ పాటకు నా ఒక్క ఓటు

ఈ మధ్య కాలంలో మానవజాతికి జరిగిన ఏకైక మేలు ‘డబుకు డబుకు దానిమ్మ’ పాట! అప్పుడే చెవులు మూసుకున్నారా? పేరు చెబితేనే ఇంత పనిచేసిందంటే దాని శక్తి ఎంతో ఆలోచించండి.

నిరుడు ఈ పాటకు ఊగని నడుము దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా లేదు. ఇప్పుడు అదే జనం ‘ఛీ, ఇదీ ఒక పాటేనా’ అంటున్నారు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

దాని సేవలు చూడండి. చైతన్యపురి హాస్టళ్లలో కోచింగ్ పిల్లలు దీన్నే అలారంగా పెట్టుకున్నారు. ఆపడానికైనా లేవాలి కదా! బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోయే ఒక లారీ డ్రైవరు దీన్ని హారన్‌గా బిగించుకుంటే అర కిలోమీటరు ముందు నుంచే దారి దొరుకుతోందట. మా ఇంట్లో రెండో టీ తాగి కూడా కదలని చుట్టాలు పల్లవి పూర్తయ్యేలోపు చెప్పులు వెతుక్కుంటున్నారు.

అలాంటి పాటను మా మన్సూరాబాద్ కాలనీ సంఘం నిషేధించబోయింది! ఫంక్షన్లలోనే కాదు, వాట్సాప్ గ్రూపులో కూడా వినపడకూడదట. నేనొక్కడినే లేచి కళాస్వేచ్ఛ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. చివర్లో బల్ల కూడా గుద్దాను.

“ఏంది సారూ, గా పాటంటే మీకు గంత పానమా?” అన్నాడు అధ్యక్షుడు భిక్షపతి.

ఆయనకెలా చెప్పను? నాలుగు నెలల కింద ఆయన కొడుకు శేఖర్ బరాత్‌లో ఆ పాటను అడిగి పెట్టించుకున్నది నేనే. ఊరందరికీ మొహం మొత్తాక నాకు నచ్చడం మొదలవుతుంది, నా టేస్టు అలాంటిది. కర్చీఫ్ పళ్ల మధ్య పెట్టుకుని, యాభై నాలుగేళ్ల నడుంతో నాగిని డాన్స్ చేశాను. రోడ్డు మీద పడుకుని మరీ చేశాను. తిరిగి లేవలేక గిలగిలలాడుతుంటే డీజే అతను అదీ స్టెప్పే అనుకుని సౌండు పెంచాడు. ఎవరో అంతా వీడియో తీసి కాలనీ గ్రూపులో పడేశారు.

నన్ను కాపాడింది ఆ పాటే! వీడియో తెరవగానే మొదటి ‘డబుకు’ వినపడుతుంది, జనం దండం పెట్టి మూసేస్తారు. నేను కనపడేది పన్నెండో సెకనులో. అంతదాకా ఓర్చుకున్న మొనగాడు మా కాలనీలో లేడు. ఆ పన్నెండు సెకన్ల చాటున ఇన్నాళ్లూ పరువుగా బతికాను.

ఇంతలో తణుకు నుంచి వచ్చి స్థిరపడ్డ మా పక్కింటి సాంబమూర్తి గారు మధ్యేమార్గం కనిపెట్టారు. “గొడవెందుకండీ? ఆ పాటున్న వీడియోలకి సౌండు తీసేస్తే సరిపోద్ది కదా!”

సభ చప్పట్లు కొట్టింది. వ్యతిరేకంగా నా ఒక్క ఓటు పడింది. మర్నాడు పొద్దున్నే భిక్షపతి కోడలు భావన తన పెళ్లి వీడియోలన్నీ శబ్దం తీసేసి మళ్లీ పెట్టింది.

సాయంత్రం సాంబమూర్తి గారు గేటు దగ్గర నా చేయి పట్టుకున్నారు. కళ్లలో నీళ్లు! “మీలో ఇంత కళుందనుకోలేదండీ! ఇంటిల్లిపాదీ మూడుసార్లు చూశాం. మా ఆవిడ హనుమాయమ్మ అయితే ఇంకా నవ్వుతానే ఉందండి.”

చెత్త పాటదేముందండీ, ఏడాదికల్లా జనమే మరిచిపోతారు. మనిషి సరదాగా ఒక్కసారి కింద పడితే జన్మంతా లేవనివ్వని ఆ ఫోను కెమెరాను నిషేధించిన కాలనీ ఎక్కడైనా ఉంటే చెప్పండి. కిరాయి ఎంతైనా సరే, సామాను సర్దుకుని వచ్చేస్తాను!