పడుకున్న బుద్ధుడి దగ్గర

నా పేరు సమాధానం. మా ఆవిడ పుష్పకుమారి అడిగే ప్రశ్నలకు మాత్రం నా దగ్గర అది ఎప్పుడూ ఉండేది కాదు.

పోయినేడు స్కాన్ చూసిన డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి, కడుపులో గడ్డ ముదిరిపోయిందని, ఇక ఎక్కువ కాలం లేదని నాకొక్కడికే చెప్పారు. నేను బయటికొచ్చి "గ్యాస్" అన్నాను.

"గ్యాస్ గురించి ఇంతసేపా?"

"పాత గ్యాస్ లే."

చిన్నప్పుడు పుష్ప పాఠాల పుస్తకంలో, ఒక పాత గుడిలో పడుకున్న బుద్ధుడి బొమ్మ చూసిందట. ఆ గుడి చూపించమని ఆమె అడిగినప్పుడల్లా, చర్చికి పోయేవాళ్ళకు విగ్రహాలెందుకని తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు నేనే కారు మాట్లాడాను. అసలు విషయం తెలియనీకుండా ఆ ముచ్చట తీర్చేయాలని నా పథకం.

"ఏందయ్యా, మొన్నటిదాకా పాపమన్నావే?"

"మొక్కితే పాపం గానీ, చూస్తే ఏముంది?"

"బస్సు లేదా? కారెందుకు?"

"నడుం నొప్పి."

"ఎవురికి?"

నేను కారు కిటికీలోంచి కొడవలూరు పొలాలు చూస్తూ కూర్చున్నాను.

ఆ పాత బౌద్ధాలయం నిండా రాతి బుద్ధులే. పుష్ప ప్రతి ముఖం దగ్గరా ఆగింది. చివరి గదిలో ఉన్నాడు ఆమె బుద్ధుడు, చెయ్యి తలకింద పెట్టుకుని.

"హాయిగా నిద్రపోతున్నాడు" అన్నాను.

"నిద్ర కాదు సార్, ప్రాణం పోతా ఉంది. కింద ఏడ్చేవాళ్ళు శిష్యులు" అన్నాడు కాపలాదారు.

కారు పెట్టుకుని మరీ తీసుకొచ్చి చూపించింది ఇదా!

పుష్ప, తల పట్టుకున్న ఒక రాతి శిష్యుణ్ణి చూపించింది. "ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నించీ నీ మొహం ఇట్టానే ఉండాది."

"గ్యాస్ గురించి దిగులు..."

"ఇంక ఆపయ్యా. పాస్టరు గారికి ప్రార్థన మనవి ఇచ్చినావు గదా?"

"పేరు చెప్పలేదే! ఒక సహోదరి అన్నానంతే."

"స్త్రీల కూడికలో ఆ సహోదరి కోసం అందరం మోకరించినాం. ఎవురో పాపమని నేనూ ఏడ్చినా. అప్పుడు పాస్టరమ్మ, 'ఆమె భర్తకు కాఫీ కూడా పెట్టుకోను రాదు, అతన్ని కనికరించు తండ్రీ' అనింది. అందరూ కండ్లు తెరిచి నా దిక్కే చూసినారు."

కాఫీ సంగతి పాస్టరు గారికి చెప్పింది నేనే. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

"లెయ్యి. ఎవురన్నా చూస్తే మొక్కుతా ఉండావనుకుంటారు."

"నాకు భయంగా ఉంది పుష్పా."

"నాకూ ఉండాది" అంటూ నా చెయ్యి పట్టుకుంది. "ఇంటికి పోతానే కాఫీ నేర్చుకో. ఆ ప్రార్థనలో నీ వంతన్నా నెరవేరాల."

మీరిప్పుడు తాగుతున్న కాఫీ నేను పెట్టిందే. బాగుందా? ఆమె మాత్రం ఒక్కసారీ బాగుందనలేదు. మింగుడుపడని రోజులు వచ్చేదాకా, వంకలు పెడుతూనే తాగింది.