కొవ్వు ఫ్యాక్టరీలో కోడిగుడ్డు

ప్రపంచంలోకెల్లా పవిత్రమైన స్థలం తిరువళ్లూరు దగ్గర ఒక ఫ్యాక్టరీ క్యాంటీను. షాంపూల్లోకీ, గిన్నెలు తోమే ద్రావకాల్లోకీ నురగ పుట్టించే సరుకు ఆ ఫ్యాక్టరీలో తయారవుతుంది. అందుకు కావలసిన మేక కొవ్వు, పశువుల కొవ్వు రోజూ ట్యాంకర్లలో వచ్చి దిగుతాయి. క్యాంటీను గోడమీద మాత్రం 'శుద్ధ శాకాహార ప్రాంగణం' అని పచ్చరంగు బోర్డు ఉంటుంది. (ఆ బోర్డును తుడిచేది ఆ నురగతోనే.)

తిరుత్తణి నుంచి రైల్లో వచ్చే ఎస్తేర్ ఇక్కడ కొవ్వు కరిగించే విభాగంలో పనిచేస్తుంది. ఆ శుక్రవారం ఆమెకు పర్మనెంటు ఆర్డరు చేతికి రావాలి. ఇక కాంట్రాక్టరు దయమీద బతకక్కరలేదు. ఆ సంతోషం పట్టలేక వాళ్లమ్మ పొన్నమ్మ సాంబారన్నంలో ఒక ఉడికించిన గుడ్డు పెట్టి పంపింది. క్యాంటీనులో ఆమె డబ్బా మూత తీయకముందే పరిశుద్ధతాధికారి సుందరరాజ్ పసిగట్టేశాడు. (కొవ్వు ట్యాంకు పక్కనే కూర్చునే మనిషికి అంత ముక్కు ఎలా మిగిలిందో శాస్త్రజ్ఞులే తేల్చాలి.)

"అయ్యయ్యో, గుడ్డు! ప్రాంగణమంతా మైలపడిపోయె గదమ్మా!"

"పొద్దున్నించీ నేను కలబెట్టేది ఏంది సార్? మేక కొవ్వే గదా?"

"అది ముడిసరుకమ్మా. అరవై డిగ్రీలు దాటినాక జంతువు జంతువు కాదు, ముడిసరుకు. రూల్ ఉండాది."

ఆర్డరు పోతుందేమోనని ఎస్తేర్‌కు భయమే. నోరు మాత్రం ఊరుకోలేదు.

"అట్లయితే మా అమ్మ నూరు డిగ్రీల నీళ్లలో ఉడకబెట్టినాది సార్ దీన్ని."

సుందరరాజ్ ఆ సంగతి పైవాళ్లకు రాసి పంపాడు. అత్యవసర విచారణ సంఘం కూర్చుంది. రెండు విడతల టీ, ఒక విడత బజ్జీల తర్వాత గుడ్డు నిస్సందేహంగా ముడిసరుకేనని తీర్పు చెప్పింది. దాన్ని తూకం వేయించి, ల్యాబు ముద్ర కొట్టించి, స్టోర్సులో కొవ్వు డ్రమ్ముల సరసన సగౌరవంగా చేర్చారు.

ఎస్తేర్ హాయిగా ఊపిరి పీల్చుకుంది. అప్పటికి ఆకలి దంచేస్తోంది.

"సార్, అయితే నా గుడ్డు ఇచ్చేయండి సార్. సాపాటు టైము అయిపోతా ఉండాది, తినేస్తా."

సంఘం మళ్లీ కూర్చుంది.

ప్రాంగణాన్ని మైలపరిచిన నేరం నుంచి ఎస్తేర్‌ను ఏకగ్రీవంగా విముక్తురాలిని చేశారు. కంపెనీ ముడిసరుకును తినేయబోయినందుకు పర్మనెంటు ఆర్డరు మాత్రం ఆపేశారు.