దక్షిణపాదాంగుష్ఠ నఖవిజయము

వినుడు! పనులున్నవారు పనులాపి వినుడు, లేనివారికి ఎలాగూ వేరు గతి లేదు. ఉషఃకాంతులు మేడలమీది నీళ్ళట్యాంకులపై తొలుత వ్రాలి, పిదప కిటికీ ఊచల నడుమ దూరి, నిద్రామగ్నుల ముఖములపై నిర్దాక్షిణ్యముగా పడుచున్న వేళ. పాలవ్యాను హారనునకు వీధికుక్కలు సామూహికముగా బదులిచ్చుచున్న వేళ. బస్సులలో కూర్చుండుటకు ఇంకను చోటు దొరకుచున్న ఆ దుర్లభమైన వేళ, ఒక ఇరుకు వీధిలో, మందుల షాపునకును సైకిలు రిపేరు కొట్టునకును నడుమ ఒదిగియున్న దర్జీ దుకాణపు డాబాపై ఒక మహాసంగ్రామము జరిగెను. ఇరుపక్షముల సేనలును ఒక్క దేహమునందే ఉండెను. ఒకవైపు చేతివ్రేళ్ళు, ఒకవైపు కాలివ్రేళ్ళు, నడుమ పొట్ట.

ఆ దేహమెవ్వరిదందురా? కర్తరీచాలనచతురుడును, సూచీరంధ్రభేదననిపుణుడును, కొలతటేపుకంఠాభరణుడును అగు మన దర్జీది. వైరిసమాసమని పండితులు కోపగించినచో కోపగింతురు గాక, ఆయన మెడలో వ్రేలాడునది టేపే. వీధివారందరికిని ఆయన మాస్టారు. ఆయన చేత వంకర కుట్టు పడినదన్న వార్త ఆ వీధిలో పుట్టలేదు. అయిననేమి? ఏండ్ల తరబడి మిషను ముందు కూర్చుండి కూర్చుండి వీపు గూనుదేరెను, తొడల వెనుక నరములు బిగిసెను, పొట్ట మాత్రము ఏ బిగుతును లేక యథేచ్ఛగా వర్ధిల్లెను. క్రమముగా ఆయనకును ఆయన పాదములకును రాకపోకలు తెగిపోయెను. అవి క్షేమముగా ఉన్నవని నిలువుటద్దములో చూచి తెలిసికొనుటయే.

కనుక ఆయన కాలిగోళ్ళు తీయు భారము ఇల్లాలిపై పడెను. ఆమెయు చాలకాలము నోరెత్తక మోసెను. కాని ఆమె మోకాళ్ళు అరిగినవి, కళ్ళకు మసక కమ్మినది. ఒకనాడు గోరుతోపాటు కండయు కొంత తెగెను. రక్తము వచ్చినది ఆయనకు, ఏడ్చినది ఆమె. నాటినుండి ఆమె గోళ్ళకట్టరు ముట్టలేదు, ఆయన తీయుమని అడుగలేదు. గోళ్ళు మాత్రము ఎవ్వరి అనుమతియు కోరక పెరిగినవి.

డాబాపై ప్రతి ఉదయము వీధి పడుచుపిల్లలకు యోగా నేర్పు యువతి యొకతె కలదు. వీధి యావత్తు ఆమెను టీచరమ్మ అనును. అక్క పెండ్లికి తొడుగుకొనుటకై ఆమె ఒక నీలిపట్టు తెచ్చి, గౌను కుట్టుమని మాస్టారి చేతిలో పెట్టెను. నీటివలె జారు పట్టు అది. మాస్టారి ఒడినుండి జారి పాదములపై పడెను. అచ్చట మిషను పలకపై ఆడుచుండిన కుడికాలి బొటనవ్రేలి గోరు దానిని పట్టి లాగెను. చర్రుమని పోగు లేచెను.

"ఇదేంటి మాస్టారూ, ఇక్కడ గీత పడిందే?" అని మరునాడు టీచరమ్మ బట్టను వెలుగుకు పట్టి చూచి అడిగెను.

"ఈమధ్య మిల్లు నేతే అలా ఏడ్చిందమ్మా. పట్టు పట్టులా ఉంటేగా!" అని మాస్టారు సూదిలో దారమెక్కించుచున్నట్లు నటించెను.

లోపలి గదిలో బట్టలు మడుచుచున్న ఇల్లాలు ఊరకుండునా? "మిల్లునెందుకండీ ఆడిపోసుకుంటారు? ఈయన కాలి బొటనవేలి గోరమ్మా అది. దాంతో కొబ్బరి కోరుకోవచ్చు."

టీచరమ్మకు కోపము రావలసియుండెను, నవ్వు వచ్చెను. "కాలు అందదా మాస్టారూ? ఐతే రేపు పొద్దున పైకి రండి, వంగడం నేర్పిస్తా. గౌనుకి ఇంకో ముక్క తెస్తాను. షాపులో మిగిలిందే అంత, అది కూడా చిరిగిందంటే నేను పెళ్ళికి దుప్పటి చుట్టుకుని వెళ్ళాలి."

ఆమె వెళ్ళినంతనే ఇల్లాలు ఆజ్ఞాపించెను. "ఆ గోరు పోయేదాకా కొత్త పట్టు మిషనెక్కడానికి వీల్లేదు. నన్ను తియ్యమనకండి. నా కళ్ళ సంగతి మీకు తెలుసు."

"మంగలి దగ్గరికెళ్ళి తీయించుకుంటాలే."

"వెళ్ళండి, వెళ్ళి కాళ్ళు చాపండి. మాస్టారుకి కాలు అందట్లేదని సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలుస్తుంది."

మాస్టారు మంగలి మాట మానుకొనెను. వీధిలోని భుజములన్నియు, నడుములన్నియు తన టేపుతో కొలిచినవాడు తన కాలిగోరు తాను అందుకొనలేకపోవుట ఆయనకు నిజముగనే సిగ్గు కలిగించెను. నేడు గోరు, రేపు చొక్కా గుండీలు, ఎల్లుండి మిషనే అందనిచో ఏమగునని లోలోపల భయముకూడ కలిగెను. ఆ భయము ఆమెకు చెప్పలేదు.

అటుపిమ్మట ఆయన యోగాభ్యాసము ఎట్లు సాగెనో చెప్పవలసినచో నాకు నవ్వాగదు, అయినను చెప్పెద. ఒంటరిగా ఆ పడుచుపిల్లల నడుమకు పోనని మొరాయించుటచేత ఇల్లాలు వెంట నడిచి, నీళ్ళట్యాంకు నీడలో ప్లాస్టికు కుర్చీ వేసికొని కూర్చుండెను. తక్కినవారు ఉతికిన బట్టలు మడిచినంత సులువుగా రెండుగా మడతపడిరి. మాస్టారు మడవబోగా మొదట మోకాళ్ళు లేచెను, పిదప కేక లేచెను, చివరకు ఆయనే లేచి "నడుం పట్టేసింది" అనెను. శవాసనమున అందరును నిశ్చలముగా పడియుండగా ఆయన కుడిపాదము మాత్రము పైకిని క్రిందికిని ఆడుచుండెను.

"మాస్టారూ, ఆ కాలు ఆపండి."

"ఏ కాలమ్మా?" అని ఆయన కళ్ళు తెరచి అమాయకముగా అడిగెను. శవమై పడియుండియు ఆయన మిషను తొక్కుచుండెను!

ఐనను పట్టు వదలలేదు. ప్రతిరోజును మెడలోని టేపు తీసి ఇల్లాలికిచ్చి, వ్రేలికొసనుండి కాలికొస వరకు కొలువుమనెను. ఆమెకు అంకెలు కనబడక జానతో కొలిచెను. జానెడు ఎడము క్రమముగా బెత్తెడైనది. బెత్తెడు మాత్రము ఎన్ని దినములైనను బెత్తెడుగనే నిలిచెను.

"బెత్తెడే కదమ్మా, ఎక్కడో ఓ మడత విప్పితే సరిపోతుంది" అని ఆయన టీచరమ్మతో బేరమాడెను.

"మీరు గౌను కాదు మాస్టారూ, వంగండి" అని ఆమె వీపు తట్టెను.

అంతట పెండ్లి రేపనగా, టీచరమ్మ తెచ్చిన కొత్త పట్టు కత్తిరింపబడి బల్లపై ఎదురుచూచుచుండగా, ఇక వాయిదాకు తావులేని ఆ ప్రాతఃకాలము రానే వచ్చెను. మాస్టారు పళ్ళు తోమి, చొక్కా చేతులు మడిచి, డాబా యెక్కి, తన చాపపై కాళ్ళు చాపి, ఎదుట నిక్కి నిలిచియున్న గోరును తేరిపార చూచెను. అప్పుడు ఆ గోరు, చెప్పుల ముందంచులను అరగదీసిన ఆ గోరు, ఎన్నో దుప్పట్ల దారములను త్రెంచిన ఆ గోరు, ఇట్లు గర్జించెను:

"ఓరీ దర్జీ! ఎవ్వరనుకొంటివి నన్ను? నీలిపట్టు నిగనిగలను ఒక్క గీరుతో అణచినదానను! నీ ఉదరదుర్గము నడుమ నిలిచియున్నంతకాలము నీ కర్తరి నా నీడనైన తాకజాలదు. పొమ్ము, క్రిందికి పొమ్ము, కాఫీ చల్లారుచున్నది!"

వెంటనే పొట్టయు నిష్ఠురమాడెను: "స్వామీ! నన్ను కన్నబిడ్డవలె పెంచినది నీవు. పిలిచి వడ్డించినది నీవు. నేడు అడ్డు తొలగుమనుట నీకు న్యాయమా?"

"చాలించుడు!" అని మాస్టారి పౌరుషము మారుపలికెను. "నా దేహమున పుట్టి నా వృత్తిపైననే పగబట్టిన నఖాధమా! ఆ పిల్ల దుప్పటి చుట్టుకొని పెండ్లికి పోవలసినదే యైనచో ఈ టేపు నా మెడలో ఎందులకు? ఇదిగో వచ్చుచున్నాను!"

వచ్చెను! భుజములు వంగెను, వీపు వంగెను, వెన్నెముక యెముక యెముకనా విడివడి కిర్రుమనెను, నరములు తీగలవలె బిగిసెను, చెమట చెంపలనుండి చాపపైకి కారెను, ముఖము టమాటావర్ణము దాటి వంకాయవర్ణమున ప్రవేశించెను, చుట్టునున్న పడుచువారు తమ తమ ఆసనములు మరచి మెడలు సాచి చూచిరి. అయినను వ్రేలికిని వ్రేలికిని నడుమ బెత్తెడు అట్లే యుండెను.

"ఊపిరి వదలండి మాస్టారూ! వదిలితేనే పొట్ట లోపలికెళ్తుంది!" అని టీచరమ్మ అరచెను.

మాస్టారు వదలలేదు. పెదవులు రెండును బిగియబట్టి, బుగ్గలు పూరించి, తల మాత్రము ఊపెను.

"వినబడట్లేదా? వదలండి! రోజూ ఇంతే ఈయన, ఎన్నిసార్లు చెప్పినా ఆ మూతి బిగించేస్తారు!"

అప్పుడు ప్లాస్టికు కుర్చీనుండి ఇల్లాలు లేచెను. దూరమునుండి ఆమెకు అంతయు మసక. నొప్పి మోకాళ్ళను చేతులతో అదిమిపట్టి, నెమ్మదిగా నడిచి వచ్చి, మగని ముఖమునకు ముఖము దగ్గరగా పెట్టి పరీక్షించెను.

"ఓయమ్మా! ఇదా సంగతి! ఈ మూతి నాకు తెలీకపోవడమేంటి? గుండుసూదులు నోట్లో పెట్టుకున్నప్పటి మూతమ్మా ఇది. బట్ట మీదికి వంగారంటే చాలు, ఇలా బిగించేస్తారు. పెళ్ళైన కొత్తల్లో పలకరిస్తే పలకట్లేదని నేను అలిగి అన్నం మానేశాను కూడాను." ఆమె ఆయన చెవిదగ్గర బిగ్గరగా అనెను: "ఏమండీ! నోట్లో సూదుల్లేవు! మింగుతానని భయపడకండి! వదలండి!"

మాస్టారు శంకించి నాలుకతో నోటి ఈ మూల ఆ మూల వెదకెను. లేవు. నిజముగనే ఒక్క సూదియు లేదు. ఎన్ని ఏండ్లుగా లేని సూదులకు కాపలా కాచుచున్నానురా దేవుడా అని ఆయనకు నవ్వు పుట్టెను. నవ్వు పుట్టగా పెదవులు విడెను, పెదవులు విడగా ఏండ్లనాటి ఊపిరి బుస్సుమని బయటకు దుమికెను, ఊపిరి పోగా ఉదరదుర్గము కూలెను, ఆ నవ్వుతోడనే ఆయన చేయి ముందునకు జారి జారి కుడికాలి బొటనవ్రేలిని పట్టుకొనెను.

"దొరికింది! దొరికిందే! కట్టరేదీ? తొందరగా, మళ్ళీ పోతుంది!"

ఇల్లాలు కొంగు ముడి విప్పి గోళ్ళకట్టరు అందించెను. టక్కుమనెను. నెలవంకంత గోటిముక్క ఎగిరి డాబా గోడపైనున్న పూలకుండీలో కూలెను. పడుచువారు చప్పట్లు చరచిరి. టీచరమ్మ ఈల వేసెను, గురువులు ఈల వేయవచ్చునా అని అడుగువారు అడుగుదురు గాక.

మాస్టారు మాత్రము లేవలేదు. పట్టివేసినదేమో అని టీచరమ్మ కంగారుపడెను. అది కాదు. ఎన్నడును లేనిది నేలకంత దగ్గరగా వంగియున్న ఆయన కళ్ళకు, చాప అంచున నిలిచిన ఇల్లాలి పాదములు కనబడెను. ఆ గోళ్ళు కొన్ని విరిగి, కొన్ని వంకరవోయి, ఒకటి పక్కవ్రేలిలో గుచ్చుకొని ఎఱ్ఱబారి యుండెను.

"నీ గోళ్ళు ఎవరు తీస్తున్నారే?" అని ఆయన తలయెత్తక అడిగెను.

"నాకా? ఎవరు తీస్తారు? నాకు వంగితే మోకాళ్ళు, చూస్తే కళ్ళు. అవే విరుగుతాయిలెండి."

మాస్టారు ఇన్నాళ్ళు తన గోరు గోరని తాను గోల పెట్టినందుకు సిగ్గుపడెను.

"ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చో. కాలు ఇలా పెట్టు."

"ఛీ, ఊరుకోండి! అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఊపిరి వదిలితే ఎంతసేపైనా వంగొచ్చట. ఇప్పుడే నేర్చుకున్నాను, మళ్ళీ మర్చిపోకముందే కాలివ్వు."

ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, కుర్చీలో కూర్చుండి, కాలిచ్చెను. ఆయన వంగెను, ఊపిరి వదలెను, వంగెను, మరల వదలెను. చర్మమునకు ఎక్కడను కట్టరు తగులనీయలేదు. గౌనునకు అంచు మడిచినంత జాగ్రత్తగా తీసెను.

కావున, ఓ లోకులారా, ఈ విజయమును నలుదెసల చాటుడు! నీలిపట్టు గౌను సాయంకాలమునకు సిద్ధమయ్యెను, ఒక్క పోగైనను లేవలేదు. ఆ మహాసంగ్రామమున తెగినవి ఆయన గోరు ఒకటి, ఆమె గోళ్ళు పది!