పదకొండు సెకన్ల మహాసంగ్రామము

వినుడు శ్రోతలారా, చెవులలో ఇయర్‌ఫోన్లు దోపుకొన్నవారు కాసేపు తీసి మరీ వినుడు. ఒకానొక బుధవారమున, భానుడు పడమటికి వాలుచుండగా, సాయంకాలము నాలుగు గంటల వేళ, రికార్డింగు స్టూడియో యనెడు కిటికీలు లేని రణరంగమున జరిగిన ఘోరసమరమును విన్నవించెదను.

అందొక తిరుగుడు కుర్చీపై, ముప్పదేండ్లుగా వేదికలను దద్దరిల్లజేసినవాడును, షట్తంత్రీధనుర్ధరుడును, లక్షజనకరతాళధ్వనిపోషితుడును, ఇప్పుడు మోకాలికి పట్టీ కట్టుకొన్నవాడును అగు రాక్ గాయకుడు ఆసీనుడై యుండెను. అతని మేటి పాటలు పదునారింటిని ఏరి ఒక్క సీడీలో కూర్చు మహాయజ్ఞము ఐదు గంటలకెల్ల ముగియవలెను. ఆపై సీడీ అచ్చుకు పోవును. అంతలో సౌండ్ ఇంజనీరు కంప్యూటరు తెర వంక చూచి, పిడుగువంటి వార్తను చల్లగా చెప్పెను.

"సార్, పదకొండు సెకన్లు ఎక్కువైంది. సీడీలో పట్టదు."

"పాటల మధ్య ఖాళీ తగ్గించమ్మా."

"నిన్ననే తగ్గించాను సార్. ఇంకా తగ్గిస్తే పాట మీద పాట ఎక్కి కూర్చుంటుంది. రెండే దారులున్నాయి. హిట్ కానిది మూడో పాట ఒక్కటే, అది తీసెయ్యాలి. లేదంటే ఆఖరి పాటలో మీ గిటారు తీగ పంతొమ్మిది సెకన్లు మోగుతుంది చూడండి, అందులో పదకొండు కోసెయ్యాలి."

ఆ మూడవ పాటను పాడినది గాయకుడు కాదు. ముప్పదేండ్లు అతని వెనుక, దీపకాంతి సోకని మూల డ్రమ్ములు వాయించిన బామ్మర్ది జన్మకొక్కటిగా పాడిన పాట అది. గాయకుని ఇల్లాలు తమ్ముని కొరకు పట్టుబట్టి చేర్పించినది. ఆ తమ్ముడు సోఫా అంచున కూర్చుండి, తనకేమియు పట్టనట్లు బూటు లేసును విప్పి కట్టుచు, కట్టి విప్పుచు నుండెను.

"నాది తీసెయ్యి బావా. దాన్నెవరు వింటార్లే," అని అతడు లేసుతో చెప్పినట్లు చెప్పెను.

వీరునికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. "ఓ దీర్ఘనాదమా, త్రిలోకశ్రవణపుటభేదినీ, నిన్ను విని సొమ్మసిల్లినవారెందరు! నిన్ను ఖండించి ఏ ముఖముతో గిటారు పట్టుదును? వీని పాటను తీసి ఏ ముఖముతో ఇంటికేగుదును?" అని మనమున ఎలుగెత్తి విలపించెను. పైకి మాత్రము, "ఏసీ కాస్త తగ్గించమ్మా," అనెను.

గడియారము ఐదుకు పది నిమిషములు తక్కువ చూపెను. అప్పుడు మహావీరుడు లేచి, మోకాలు కటుక్కుమనగా ఒక క్షణమాగి, "పక్కకు జరుగమ్మా, నా తీగని నేనే కోస్తాను," అని మౌసను ఖడ్గమును చేపట్టెను. కన్నులు మూసికొని, స్వకీయకీర్తికంఠమున ఒక్క నొక్కు నొక్కెను.

మువ్వురును వినిరి. తీగ ఎనిమిది సెకన్లు మోగెను, డ్రమ్ముపై ఆఖరి దెబ్బ పడెను, పాట ముగిసెను. బామ్మర్ది, "హమ్మయ్య," అనెను.

"ఏంట్రా?"

"ఏం లేదు బావా. నీ తీగ ఆగేదాకా నేను ఆఖరి దెబ్బ కొట్టకూడదు కదా. అందాకా రెండు కర్రలూ పైకెత్తుకుని కూర్చునేవాణ్ణి. ఈ భుజం నొప్పి దానిదే."

"ముప్పై ఏళ్ళుగానా? మరి చెప్పవేంరా?"

"హిట్టయింది కదా బావా."

గాయకుడు సిగ్గుపడెను, నిజముగానే సిగ్గుపడెను. తన మోకాలికని జేబులో దాచుకొన్న నొప్పుల మందు తీసి, మూత తిప్పి, "ఏ భుజం? ఇలా తిరుగు," అనెను.

కావున దిక్కులారా, చాటుడు. మూడవ పాట మూడవ చోటనే నిలిచెను. సీడీ ఐదు గంటలకు రెండు నిమిషముల ముందు అచ్చుకు పోయెను. రాజ్యములేవియు కూలలేదు, కిరీటములేవియు మారలేదు. ఎత్తిన రెండు కర్రలు మాత్రము పదకొండు సెకన్లు ముందుగా దిగెను.