పాల్మీనా ఇంటి మూడో కప్పు

ఆ శనివారం పొద్దున పాల్మీనా పెట్టుకున్న పని ఒక్కటే, మూడో గది గోడలకు వెల్ల వేయడం. సాయంత్రానికి మిలానో నుంచి తొలి అతిథులు, కొత్త దంపతులు, దిగుతారు. దక్షిణ ఇటలీ ఇట్రియా లోయలోని, టోపీల్లాంటి రాతి కప్పుల ఇళ్లంటే లోకమంతా పడి చస్తోంది గదా అని, ఆమె కుట్టుపని మానేసి ఇంటిని అతిథులకు బసగా మార్చింది. ఈ దంపతులు నలుగురికీ బాగుందని చెబితే వేసవంతా గదులు నిండుతాయి. లేదంటే మళ్లీ కుట్టుమిషనే గతి.

చిక్కల్లా ఆ మూడో గదితోనే. మిగతా రెండూ ముత్తాతల నాటివి. మూడోది మాత్రం కిందటేడు ఆమె తండ్రి ఒరోంత్సో కట్టాడు. పొలంలో కూలిపోయిన పాత కొట్టం రాళ్లు తెచ్చి, సున్నం చుక్క వాడకుండా, రాయి మీద రాయి పేర్చి కప్పు లేపాడు. పనితనానికి వంక పెట్టడానికి లేదు. ఎటొచ్చీ మునిసిపాలిటీ అనుమతే లేదు.

ఆమె కుంచె ముంచేలోగా ఫోను మోగింది. చౌకులో కాఫీ బారు నడిపే నున్సియా.

"ఒసే పాల్మీనా! టై కట్టుకుని, మెడలో కెమెరా వేసుకుని ఎవడో ఆఫీసరు దిగాడే! మీ వీధి ఎటని అడుగుతున్నాడు. కాఫీ పోసి కూర్చోబెట్టా. నీ మూడో గది సంగతి చూసుకో!"

పాల్మీనా ఫోను పెట్టేసి ఇంట్లోవాళ్లకు సంగతి చెప్పింది. "కొంప మునిగింది. బస మూయిస్తారు," అంటూ ఆమె భర్త కతాల్దో ఉన్నచోటే కూలబడ్డాడు. ముసలాయన ఒరోంత్సో కళ్లు మాత్రం మెరిశాయి.

"ఏడుపు మొహాలు పెట్టకండర్రా! రాజుగారి మనుషులు వస్తున్నారంటే మన తాతలేం చేశారు? పన్ను పడకుండా కప్పులు విప్పేశారు. వాళ్లొచ్చి చూస్తే ఏముంది? రాళ్ల కుప్పలు! సున్నం లేకుండా కట్టేదే అందుకు. లే అల్లుడూ, పైకెక్కు!"

"మావయ్యా, అది ఎన్ని తరాల కిందటి మాట!"

"రాయి అదే, ఆఫీసర్ల జాతీ అదే. ఎక్కవయ్యా!"

కతాల్దో ఎక్కాడు. కొస రాయి తీశాడు. వరసలు వరసలుగా కప్పు కిందికి దిగసాగింది. తన చేతికి అందిన ప్రతి రాయికీ పాల్మీనాకు ఏడుపొచ్చింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎదురింటి దొనాతా బయటికొచ్చింది. "ఆఫీసరా? అయ్యో, నా కోళ్లగూడు!" అని గడ్డపలుగు అందుకుంది. అది చూసి రొట్టెల కొట్టువాడు అరుగు మీది పందిరి పీకాడు. కాసేపటికి చర్చి వెనక ఫాదర్ స్కూటరు పెట్టుకునే కొట్టం నుంచి కూడా ధూళి లేచింది.

"ఫాదర్, మీరు కూడానా?" అంది పాల్మీనా.

"దేవుడికి తెలుసు తల్లీ. మునిసిపాలిటీకే తెలీదు," అన్నాడాయన చేతులు దులుపుకుంటూ.

ఆఫీసరు వచ్చేసరికి వీధి వీధంతా రాళ్ల కుప్పలు, వాటి మీద దిక్కులేని కోళ్లు. ఆయన తల పట్టుకున్నాడు.

"నా పేరు లోపార్కో. పురావస్తు శాఖ. ఈ లోయలో చెక్కుచెదరని వీధి ఇదేనంటే, రక్షిత కట్టడంగా ప్రకటించడానికి బారీ నగరం నుంచి వచ్చాను." ఒక రాయెత్తి నాచు తడిమాడు. "మూడొందల ఏళ్ల నాటి కప్పు! ఎవరమ్మా కూలగొట్టింది?"

వీధంతా పాల్మీనా వైపు చూసింది. కొత్తదంటే దొంగకట్టడం, పాతదంటే మహాపరాధం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కుట్టుమిషను కళ్ల ముందు మెదిలేసరికి పాల్మీనాకు ఎక్కడలేని తెగువ వచ్చింది.

"కూలగొట్టలేదండీ, విప్పాం. తరానికోసారి విప్పి, రాళ్లు దులిపి, మళ్లీ పేర్చుకుంటాం. మా వీధి ఆచారం."

ఫాదర్ ఆకాశం వైపు చూసి శిలువ గుర్తు వేసుకున్నాడు. లోపార్కో కళ్లు చెమర్చాయి. "ఇంకా ఇలా బతికున్న సంప్రదాయం నేనెక్కడా చూడలేదు! పేర్చడం చూడందే కదలను," అని కుర్చీ వేయించుకున్నాడు.

ఇక తప్పేదేముంది? వీధంతా వరసగా నిలబడి రాళ్లు అందించుకుంది. ఒరోంత్సో పెళ్లిపెద్దలా కేకలేస్తూ పేర్చాడు. దొనాతా అందరికీ చెవుల ఆకారపు పాస్తా వండి పెట్టింది. మధ్యలో దిగిన మిలానో దంపతులు పెట్టెలు పడేసి వరసలో చేరారు. చివరి రాయి పెళ్లికూతురి చేతే పెట్టించారు. ఒళ్లంతా తెల్లదుమ్ముతో ఆ పిల్ల కేరింతలు కొట్టింది. "ఆంటీ, మా స్నేహితులందర్నీ పంపిస్తాం. వాళ్లొచ్చినప్పుడు కూడా విప్పుతారా?"

పాల్మీనా మనసారా నవ్వింది. చాన్నాళ్ల తర్వాత ఆమె అలా నవ్వడం అదే మొదలు.

లోపార్కో కప్పు చుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు. స్కూటరు కొట్టాన్నీ, కోళ్లగూడునూ వదల్లేదు. ఆనక గొంతు సవరించుకుని, ఇవన్నీ ఇకపై రక్షిత కట్టడాలేనని, ఆచారమైనా సరే, ఒక్క రాయి కదిపినా ఊరుకోబోమని ప్రకటించాడు.

కట్టడానికి అనుమతి లేని ఆ గదికి, ఆ సాయంత్రం నుంచి కూల్చడానికీ అనుమతి లేకుండా పోయింది.