ఆపకూడని బండి

శనివారం ఉదయం డ్రైవరు వేసుకున్న పథకంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. పాలసీసాలు, పొత్తిగుడ్డలు, గిలక్కాయలు డిక్కీలోకి ఎక్కించడం, భార్యనూ అత్తగారినీ పాపనూ వెనక సీట్లో కూర్చోబెట్టడం, ఊరవతల చెరువొడ్డున మాట్లాడుకున్న గెస్ట్‌హౌస్‌కు ఎండెక్కేలోగా చేరడం, భార్యను మంచం మీదికి పంపి తలుపు దగ్గరగా వేసేయడం. వారమంతా సిటీ బస్సు నడిపే మనిషికి అదేం పెద్ద పని కాదు.

పాప పుట్టినప్పటి నుంచి ఆవిడకు కంటినిండా నిద్ర లేదు. మొన్న ఆఫీసులో కాగితాల మీద ముద్రలు వేస్తూ వేస్తూ కునుకుపట్టి, తన చేతి మీదే ఒకటి వేసుకుని ఇంటికొచ్చింది. ఆ నీలం ముద్ర చూడగానే డ్రైవరు గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేశాడు.

"ఈ రెండ్రోజులూ నువ్వు నిద్రపోవడం తప్ప ఇంకేం చెయ్యొద్దు. పిల్ల సంగతి నాకొదిలెయ్," అన్నాడు బయల్దేరేముందు.

"అది కుయ్యిమంటే మీరు లేపేది నన్నేగా."

"లేపితే ఒట్టు."

పాపను ఇంట్లో అందరూ హారన్ అంటారు. ఎందుకని ఇరుగుపొరుగును అడిగితే చెబుతారు. అయితే హారన్‌కు ఒక గుణం ఉంది. బండి కదిలితే నిద్రపోతుంది, ఆగితే లేస్తుంది. ఇంటిల్లిపాదీ నమ్మకం అది.

ఊరు దాటగానే హారన్ నిద్రపోయింది. ఇంకాస్త దూరం పోయాక ఆవిడ కూడా తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరిచి, అద్దంలో కనిపించింది. ఆ దృశ్యానికి డ్రైవరు గుండె నిండిపోయింది. ఆ నిండిన గుండెతోనే గెస్ట్‌హౌస్ గేటు దాకా వచ్చి, బ్రేకు మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆపితే పిల్ల లేస్తుంది. పిల్ల లేస్తే తల్లి లేస్తుంది. మాటిచ్చి పూట కూడా కాలేదు. బండిని తిన్నగా పోనిచ్చి, చెరువు చుట్టూ ఉన్న రోడ్డెక్కాడు.

గేటు తీసి నిలబడ్డ వాచ్‌మన్ "ఇదే సార్, ఇదే," అని చేతులూపాడు. డ్రైవరు అతనికేసి చూస్తూ పెదవుల మీద వేలు పెట్టి సాగిపోయాడు. రెండో చుట్టులోనూ అంతే చేశాడు.

అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడే మనిషి కాదు. ఏదైనా కూతురి ద్వారానే. కూతురు నిద్రలో ఉంది కనుక, నిద్రపోతున్న మనవరాలితోనే మెల్లగా మొదలుపెట్టింది.

"బుజ్జమ్మా, మనం దిగాల్సిన చోటు దాటిపోయిందేమో కనుక్కోమ్మా మీ నాన్నను."

"తెలుసు అత్తయ్యా. ఆపితే వీళ్ళు లేస్తారు."

ఇంకో చుట్టు తిరిగింది బండి.

"బుజ్జమ్మా, అమ్మమ్మ బయల్దేరేటప్పుడు చెంబెడు నీళ్ళు తాగింది. ఆ ముక్క మీ నాన్న చెవిన పడాలి కదమ్మా."

"ఇంకాస్త ఓర్చుకోగలరా అత్తయ్యా?"

"ఓర్చుకోవడం ఇందాకటి చుట్టులోనే అయిపోయిందని చెప్పమ్మా."

నడుస్తున్న బస్సులోంచి దూకేవాళ్ళను ఏళ్ళ తరబడి తిట్టిన నోరు డ్రైవరుది. ఆ నోటితోనే, గేటు దగ్గర బండిని నత్తనడకకు తెచ్చి, "ముందుకు చూస్తూ దిగండి. దిగాక కాస్త దూరం బండితోపాటే నడవండి," అని పాఠం చెప్పాడు. అత్తగారు పాపను కూతురి పక్కన సర్ది, చక్కగానే దిగింది. కానీ నడక కాస్తా పరుగైంది. చెప్పు ఒకటి రోడ్డు మీదే వదిలేసి, వాచ్‌మన్‌ను దాటుకుని లోపలికి దూసుకుపోయి, కనబడ్డ బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంది.

వాచ్‌మన్ చెప్పు పట్టుకుని తలుపు దగ్గరికి పరిగెత్తాడు. "అమ్మా, భయపడకండి. ఏం జరిగింది?"

"కాసేపు నన్నేమీ అడక్కు నాయనా," అంది లోపలి గొంతు.

అతను ఇంకేమీ అడగలేదు. పోలీసులకు ఫోన్ చేశాడు. "సార్, పెద్దావిణ్ణి నడుస్తున్న కారులోంచి దింపేశాడు. ఆవిడ గడియ పెట్టుకుని బయటికి రావట్లేదు. వెనక ఇంకో ఆవిడ మెడ వాల్చేసి ఉంది. పక్కన చంటిపిల్ల. చూశానని నన్ను నోరు మూసుకోమని సైగ చేస్తున్నాడు సార్."

తర్వాతి చుట్టు పూర్తి కాలేదు. కానిస్టేబుల్ ఒకడు రోడ్డుకు అడ్డంగా మోటార్‌సైకిల్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అంత మెత్తగా డ్రైవరు తన ఉద్యోగంలో ఎన్నడూ బ్రేకు వేయలేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం మాత్రం లేకపోయింది.

"ఎవరయ్యా ఆవిడ?"

"నా భార్య సార్. కొంచెం మెల్లగా మాట్లాడండి. నిద్రపోతోంది."

"నిద్రో ఇంకేమిటో ఆవిడే చెప్పాలి. లేపు."

"అదొక్కటీ అడక్కండి సార్. కావాలంటే స్టేషన్‌కు వస్తాను. మీరు ముందు పొండి, నేను ఆపకుండా వెనకే వస్తాను. లేపనని ఒట్టేశాను."

ఇన్నేళ్ళ సర్వీసులో కానిస్టేబుల్ ఇలాంటి సంజాయిషీ వినలేదు. జేబులోంచి విజిల్ తీసి గట్టిగా ఊదాడు.

హారన్ కళ్ళు తెరిచింది. డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు. ఏడుపు కోసం ఎదురుచూశాడు. రాలేదు. మెల్లగా తిరిగి చూస్తే, ఆగి ఉన్న బండిలో పిల్ల కానిస్టేబుల్ టోపీకేసి చేతులు చాపి బోసినోటితో నవ్వుతోంది. ఇంతసేపూ చెరువు చుట్టూ తిరిగింది దేనికో డ్రైవరుకు బోధపడలేదు.

"పిల్ల లేచింది. మరి ఆవిడ?" అంటూ కానిస్టేబుల్ కిటికీలోకి వంగాడు.

ఆవిడ తల కదపలేదు. కళ్ళు తెరవలేదు.

"బాగానే ఉన్నానండీ," అంది. "మొదటి చుట్టులోనే మెలకువొచ్చింది. కళ్ళు తెరిస్తే పిల్లను ఒళ్ళో పెడతారని ఊరుకున్నాను. నన్నెవరూ పిలవకుండా ఉండి ఎన్నాళ్ళయిందో." తర్వాత గొంతు మొగుడి వైపు తిప్పింది. "ఏమండీ, ఆయన్ను కాస్త పక్కకు తప్పుకోమని, ఇంకో చుట్టు పోనివ్వండి. అమ్మ కోసం ఆపక్కర్లేదు. దిగడం వచ్చింది కదా, ఎక్కడమూ వస్తుంది."

కానిస్టేబుల్ మోటార్‌సైకిల్ పక్కకు తీశాడు.

సోమవారం డిపోలో తోటివాళ్ళు సెలవు ఎలా గడిచిందని అడిగితే, రూటు బాగానే ఉందనీ, ప్యాసింజర్లు దిగడమే లేదనీ చెప్పాడు డ్రైవరు.