స్లాబును చూసినవాళ్లు

ఆ ఊరి మునిసిపాలిటీలో అర్జీలో ఏ ఇంగ్లీషు మాట రాస్తే సిబ్బంది వచ్చి అక్షరాలా ఆ పని చేసి వెళ్తారు, అంతకు మించి వేలు కదపరు. అందుకే అంగన్‌వాడీ స్లాబు పెచ్చులూడుతోందని కళావతి టీచరు పెట్టుకున్న అర్జీకి మూడో రోజున ముగ్గురు ఉద్యోగులు కుర్చీలతో సహా వచ్చి, తలలు పైకెత్తి స్లాబును చూస్తూ కూర్చున్నారు. ఆమె రాసింది ‘లుక్ ఎట్’ అని. పదిన్నర నుంచి ఐదు దాకా చూశారు, మధ్యలో భోజనానికి లేచారు. అలా మూడు రోజులు చూసి, చూశామని ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు. మెడనొప్పికి ముగ్గురికీ ఒకరోజు సెలవు మంజూరైంది.

ఆ స్లాబు కింద పద్దెనిమిది మంది పిల్లలు కూర్చుంటారు. అప్పటికే ఒక పెచ్చు జ్యోత్స్న అనే నాలుగేళ్ల పిల్ల పలక మీద పడి, పలక రెండు ముక్కలైంది. రేపు పలక ఉన్నచోట తల ఉంటే అన్న ఊహతోనే కళావతి ఆ అర్జీ రాసింది. ఆయా అసిరమ్మకు ఆ కేంద్రంలో ముప్పై ఏళ్ల అనుభవం. ఆమె ఒక్కటే చెప్పింది.

“సాపలు ఆపక్కకి లాగీద్దుమా టీచరమ్మా? ఎవులికి రాసినా ఆకర్న ఆ పనేగదా.”

కళావతికి ఒళ్లు మండింది. చాపలు జరుపుకోవడానికి టీచరు ఎందుకని కసిరి, చెప్పులేసుకుని ఆఫీసుకు బయల్దేరింది.

గుమాస్తా సన్యాసిరాజు ఆమెను కూర్చోబెట్టి, తప్పు ఆమెదేనని ఓపిగ్గా వివరించాడు. లుక్ ఎట్ అంటే ఊరికే చూడడం. విచారించాలంటే లుక్ ఇంటూ అని రాయాలి. ఈపాటి తేడా తెలియకుండా అర్జీలు రాసేస్తే సిబ్బంది మెడలు ఏం కావాలని అడిగాడు. ఆమె క్షమించమని చెప్పి కొత్త అర్జీ రాసింది.

మరుసటి వారం ఒక పొడుగాటి ఉద్యోగి వచ్చి, నిచ్చెన ఎక్కి, స్లాబు పగుల్లోకి తల దూర్చాడు. లోపల చీకటిగా ఉందని, ఇంకా లోతుగా విచారించాలని కబురు చేశాడు. తల మరి బయటికి రాలేదు. నిచ్చెన ఆఫీసుకు అవసరమని పట్టుకుపోయారు. అతని భార్య రోజూ డాబా ఎక్కి, పప్పన్నం ముద్దలు చేసి పగుల్లోకి జారవిడిచేది. వేలాడే కాళ్లకు పిల్లలు అలవాటుపడ్డారు. కుడి ఏదో, ఎడమ ఏదో కళావతి ఆ కాళ్లు చూపించే నేర్పింది.

పెచ్చులు ఊడడం ఆగలేదు. ఈసారి గుమాస్తా సలహా మీదే, బాగోగులు చూసుకోండని ‘లుక్ ఆఫ్టర్’ అర్జీ పెట్టింది. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నారట. ఒక సంరక్షకురాలు వచ్చి స్లాబును సాకడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం స్లాబు నిద్రపోయే వేళ పిల్లలు పాటలు పాడకూడదంది. పిల్లలకు వచ్చే గుడ్లు, పాలు స్లాబుకు మళ్లించారు. స్లాబు వంక పెట్టకుండా తినేది. నెల తిరిగేసరికి రెండు క్వింటాళ్లు బరువు పెరిగి, పొట్ట వచ్చి, కిందికి దిగింది. పిల్లలు చిక్కిపోయారు. కేంద్రంలో ఒకరైనా బాగా ఎదుగుతున్నందుకు పైనుంచి మెచ్చుకోలు కాగితం వచ్చింది.

ఆ కాగితం చేత్తో పట్టుకునే కళావతి మళ్లీ ఆఫీసుకు వెళ్లింది.

“ఈ చూడడాలేవీ నాకొద్దు సార్. రిపేరు చెయ్యండి. పిల్లలు చచ్చిపోతారు.”

సన్యాసిరాజు నొచ్చుకున్నాడు. “రిపేరుకి సెక్షన్ లేదు మేడం. ఎప్పుడూ లేదు. మాకున్నవన్నీ చూసే సెక్షన్లే.”

ఉత్తచేతులతో పంపడం ఇష్టంలేక, పని లేకుండా ఉన్న ‘లుక్ ఫార్వర్డ్ టు’ సెక్షనుకు ఆమె కాగితం పంపించాడు. అంటే ఆశగా ఎదురుచూడడం.

సోమవారం కేంద్రం ముందు షామియానా లేచింది. స్లాబు గురువారం పదకొండున్నరకు కూలుతుందని ఇంజినీరు లెక్కగట్టాడు. కుర్చీలు, మైకు, అతిథులకు మజ్జిగ ఏర్పాటయ్యాయి. ఆరోజు పిల్లల్ని ఇళ్లకు పంపేస్తానని కళావతి అడిగితే, హాజరు తగ్గితే కేంద్రం మూసేస్తామన్నారు. బతిమాలింది, ఏడ్చింది. గురువారం పదకొండూ ఇరవైకి మైకులో అతిథుల పేర్లు చదువుతుండగా ఆమె వంగి చాప ఒక అంచు పట్టుకుంది. రెండో అంచు అప్పటికే అసిరమ్మ చేతిలో ఉంది. ఇద్దరూ పద్దెనిమిది మందినీ గోడవారకు లాగేశారు.

స్లాబు సరిగ్గా చెప్పిన టైముకు గది మధ్యలో కూలింది. బయట చప్పట్లు కొట్టారు. స్లాబుతో పాటు కిందికి వచ్చిన పొడుగాటి ఉద్యోగి దుమ్ము దులుపుకుని, విచారణ పూర్తయిందని చెప్పాడు.

ఇప్పుడు కేంద్రం పక్కవీధిలో అద్దెగదిలో నడుస్తోంది. అక్కడి స్లాబుకూ పగులుంది. కళావతి అర్జీ పెట్టలేదు. రోజూ పిల్లలు రాకముందే ఓసారి పైకి చూసి, చాపలు ఎక్కడ పరవాలో అసిరమ్మకు చెబుతుంది. మొన్న కొత్తగా బిడ్డను చేర్చడానికి వచ్చిన తల్లి ఆ పగులు చూపించి, దీని సంగతేమిటని భయంగా అడిగింది.

“చూస్తున్నాం లెమ్మా,” అంది కళావతి, బిడ్డ పేరు రాసుకుంటూ.